పిడికెడు బియ్యం

ఖాళీ కుండలో బియ్యం పడే చప్పుడు వేరు. సగం నిండిన కుండలో గింజలు మెత్తగా అణిగిపోతాయి, ఖాళీ కుండలో గలగలమంటాయి. ఈ ఉదయం మా వంటింట్లో కడిగి ఆరబెట్టిన కుండలో పిడికెడు బియ్యం వేస్తే ఆ చప్పుడే వినిపించింది. ఎస్తేరవ్వ గుర్తుకొచ్చింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను చెన్నూరులో ఒక దినపత్రికకు విలేకరిని. నా అద్దె గది పక్కిల్లే ఆమెది. వారమంతా కలుపులకూ కోతలకూ పోయేది, ఆదివారం మిషన్ గుడిలో ఆడవాళ్ళ ప్రార్థన నడిపేది. వాళ్ళలో ఒక ఆచారం ఉండేది. వండిన ప్రతిసారీ, కడిగే ముందు బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే కుండలో వేయాలి. ఆదివారం ఆ కుండలన్నీ గుడికి చేరేవి. ఇంట్లో ఒక పూటకే ఉన్నా ఆ పిడికెడు తప్పేది కాదు. దీంతో లోకం బాగుపడుతుందా అవ్వా అని ఓసారి నవ్వాను. ఆమె కోపగించుకోలేదు.

"రేపు పొద్దు పొడుస్తదని నమ్మకం లేనోడు ఉన్నదంతా ఇయ్యాల్నే వండుకుంటడు బిడ్డా" అంది.

ఆ ఏడు నూలు రాక సాలెవాడలో మగ్గాలు ఆగిపోయాయి. ఎస్తేరవ్వ ఆ బియ్యం అక్కడికి మోసుకుపోయేది. ఆమె వండిన అన్నమైతే వాళ్ళు ముట్టరు, బియ్యానికి ఆ పట్టింపు లేదు. పొద్దున్నే వెనుక వాకిళ్ళ గుండా వెళ్ళి, చాటల్లో పోసి, మాట్లాడకుండా వచ్చేది. ఒకరోజు నేనూ వెంట వెళ్ళాను. చూసింది మంచి వార్త అనిపించింది. పోచవ్వ అనే ముసలి నేతగత్తె ఇంట్లో మూడు రోజులుగా పొయ్యి వెలగలేదని, వాడ పేరుతో, ఆమె పేరుతో సహా రాశాను.

అది అచ్చయ్యాక మేం మళ్ళీ వెళ్తే సాలెవాడలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. పోచవ్వ ఒక్కతే గడపలో నిలబడింది. వెనుక ఆమె మనుమరాలు ముఖం వాడిపోయి గోడకు ఆనుకుని ఉంది.

"పేపర్ల ఎక్కినం గద సారూ, కడుపు నిండింది. ఇగ బియ్యమెందుకు?" అంది పోచవ్వ.

ఎస్తేరవ్వ గంప దించకుండానే వెనుదిరిగింది. దారిలో తిట్టినా బాగుండేది. "నువ్వు అబద్ధం రాయలే. గని గా తల్లి దాసుకున్నదాన్ని బజార్ల పెట్టినవ్" అని మాత్రం అంది.

ఆ తర్వాతి రెండు రోజులూ ఆమె ప్రార్థనలో ఏమడిగిందో తెలియదు. గోడ అవతల నుంచి పోచవ్వ పేరు మాత్రం వినపడేది. మూడో రోజు గంపతో పాటు ఒక ఖాళీ కుండ కూడా పట్టుకుని బయల్దేరింది, నన్నూ రమ్మంది. పోచవ్వ తలుపు తీసేదాకా ఎస్తేరవ్వ ఆ ఇంటి అరుగు మీదే కూర్చుంది.

"అక్కా, గీ కుండల మీ వాడ పిడికెడు గూడ పడాలె" అంది. "నువ్వేసింది ఎవలింటికి పోతదో, నీకొచ్చింది ఎవలేసిండ్రో, నాకూ తెల్వదు."

"నా ఇంట్ల గింజ లేదు ఎస్తేరూ. ఏమెయ్యాలె?"

ఎస్తేరవ్వ గంపలోని బియ్యం చాటలో పోసింది. "గిప్పుడున్నయి గద."

పోచవ్వ చాలాసేపు చాట వైపే చూసింది, నా వైపు చూడలేదు. చివరికి పిడికిలి నింపి కుండలో వేసింది. గలగలమంది. మనుమరాలు చాట ఎత్తుకుని లోపలికి పోయింది. కాసేపటికి పక్కింటి తలుపు కూడా తెరుచుకుంది.

నూలు వచ్చాక కూడా ఆ కుండ సాలెవాడలోనే ఉండిపోయింది. మరుసటి ఏడు వానల్లేక కూలి పనులు ఆగి, ఎస్తేరవ్వ వాడలో పొయ్యిలు చల్లబడ్డాయి. అప్పుడు ఆ కుండ నిండి వచ్చింది. నెత్తిన పెట్టుకుని తెచ్చింది పోచవ్వ. ఎవరి బియ్యమని ఎవరూ అడగలేదు.

నేను ప్రార్థన చేసేవాణ్ణి కాదు, ఇప్పటికీ కాను. కానీ ఆ తర్వాత ఎన్నేళ్ళు వార్తలు రాసినా, ఆకలితో ఉన్నవాళ్ళ పేరు వాళ్ళ గడపలో నిలబడి అడగకుండా రాయలేదు. వంటింట్లో అలాంటి కుండ ఒకటి పెట్టి పిడికెడు వేయడం కూడా మానలేదు. ఈ ఉదయం మా మనుమరాలు అందులోకి తొంగిచూసి, ఎవరికి తాతా అని అడిగింది.

నాకూ తెల్వదన్నాను.