గుర్రపుడెక్క మీద ఆరు పేజీలు

మా మనవరాలు బాల్కనీలో ప్లాస్టిక్ టబ్బు పెట్టి, ఏలూరు కాలవలోంచి తెప్పించుకున్న గుర్రపుడెక్క మొక్కలు అందులో వేసి, రోజూ పొద్దున్నే ఆకులు లెక్కపెట్టి ల్యాప్‌టాప్‌లో రాసుకుంటోంది. ఇంటర్‌కి బదులు అదేదో రెండేళ్ళ డిప్లొమా చదువుతోంది లెండి. అందులో ఎవరికి వాళ్ళు ఒక విషయం ఎంచుకుని, సొంతంగా పరిశోధించి, పెద్ద వ్యాసం రాయాలట. మొన్న కాఫీ తాగుతుంటే, "అమ్మమ్మా, ఇదివరకు మన ఊళ్ళో ఎవరైనా ఇలా చేశారా? చేసుంటే వాళ్ళ పేరు రాయాలి" అంది. నేను గ్లాసు కింద పెట్టేశాను.

నలభై ఏళ్ళ కిందట నేను విజయవాడలో ఓ ఆడపిల్లల కాలేజీలో, ఇంటర్‌ వాళ్ళకి బోటనీ చెప్పడానికి కొత్తగా చేరాను. ఆ రోజుల్లో ప్రాక్టికల్ రికార్డులు ఎలా తయారయ్యేవో నా ఈడు వాళ్ళకి వేరే చెప్పాలా? సీనియర్ల రికార్డు బతిమాలి తెచ్చుకోవడం, కార్బన్ పేపరు పెట్టి బొమ్మలు దించెయ్యడం, సంతకం కోసం స్టాఫ్‌రూమ్ ముందు నిలబడడం. నేనూ అలా గట్టెక్కినదాన్నే. అలాంటి చోట ఒకమ్మాయి, కాలవగట్టు మీద రేకుపెట్టెలు చేసే ముస్లిం కుటుంబంలో పిల్ల, రికార్డు చివర ఎవరూ అడగని ఆరు పేజీలు రాసుకొచ్చింది. వాళ్ళ నాన్న చేసిచ్చిన రెండు రేకు తొట్లలో గుర్రపుడెక్క వేసి, ఒకదాంట్లో కాలవ నీళ్ళు, రెండోదాంట్లో వాళ్ళమ్మ బట్టలుతికిన నీళ్ళు పోసి, ఏది ఎంత పెరిగిందో రెండు నెలలు చూసి రాసింది. బొమ్మలో ఆకుకి పురుగు కొట్టిన చిల్లు కూడా వేసింది, మహాతల్లి!

ఏ పుస్తకంలోదని అడిగాను. "ఏ పుస్తకంలోనూ లేదండీ మేడమ్, నేనే చూసి రాశానండి" అంది, మెప్పు కోసం నా మొహంలోకి చూస్తూ. పరీక్షకి బయటినుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ గారు అడిగితే నేనేం చెప్పుకోవాలని కసిరి, ఆ పేజీలు తీసేస్తేగాని సంతకం పెట్టనన్నాను. ఎక్స్‌టర్నల్ గారు ఉత్త సాకు. అంత చదువు చదివి నేను ఒక్క మొక్కనైనా వరసగా నాలుగు రోజులు చూసిన పాపాన పోలేదు, పదహారేళ్ళ పిల్ల చూసింది. నాది ఉక్రోషం, అంతే. "అలాగేనండి" అని, బైండు చెడకుండా స్కేలు పెట్టి తనే చింపుకుని, మడిచి సంచీలో పెట్టుకుంది. ప్రాక్టికల్స్‌లో మార్కులు నిండుగా వచ్చాయి. అంతకుముందు ఏదో ఒక ఆకు పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి వచ్చే పిల్ల, మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

మేము చింపించినవాటికే ఇప్పుడు మార్కులు వేస్తున్నారు. మంచిదే, చాలా మంచిదే. కానీ ఆ పిల్లకి నేను చేసింది దాంతో చెరిగిపోదు. మనవరాలికి అంతా దాచకుండా చెప్పాను. అది ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, "పేరు చెప్పు అమ్మమ్మా, రాస్తాను" అంది.

రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఆ చిల్లు పడ్డ ఆకు కళ్ళ ముందే ఉంది, స్కేలు చప్పుడు కూడా గుర్తుంది. హాజరు మాత్రం ఎప్పుడూ నంబర్లతోనే పిలిచేదాన్ని. ఆ అమ్మాయిది ముప్పై ఏడు.