ఉత్త ద్రావణంలో దిగిన గీత

దయ్యాల మాటెత్తితే నవ్వే మనిషిని నేను. ఇప్పుడూ నమ్మను. కానీ సూరత్‌లో ఆ శనివారం చూసింది తలుచుకుంటే ఈరోజుకీ చేతులు చల్లబడతాయి.

రెండువేల ఎనిమిది ప్రాంతం. కరీంనగర్ వైపు నుంచి వచ్చి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మా బాపుతో సూరత్ శివారు ఉన్‌లో ఉండేవాళ్లం. బాపుకు షుగరు, రోజూ పొద్దున ఇన్సులిన్ సూది. నేను కాలేజీలో రక్తంలోని చక్కెరను పసిగట్టే సెన్సర్ల మీద పరిశోధన చేసేదాన్ని. కంటికి ఆనని కార్బన్ నానోగొట్టాలు, వాటిమీద ఎంజైము పూసిన ఎలక్ట్రోడు. చక్కెర తగిలితే కరెంటు పుట్టి కంప్యూటర్‌లో గీత లేస్తుంది. లేకపోతే అడుగున పడుకుంటుంది.

ముందురోజు ఒక ఎలక్ట్రోడును బాపు రక్తపు చుక్కతో పరీక్షించి కడిగిపెట్టాను. శనివారం మధ్యాహ్నం, ఎప్పటి పద్ధతిలోనే, ముందు చక్కెర లేని ద్రావణంలో ముంచాను. గీత పడుకోవాలి. పైనే నిలబడింది. తర్వాత మెల్లగా దిగసాగింది.

‘ఠీక్ సే ధోయా నహీ క్యా?’ అంది పక్కన పనిచేసే హేతల్. సరిగా కడగలేదేమోనని మళ్లీ కడిగి ద్రావణం మార్చాను. ఎక్కడ ఆగిందో అక్కడినుంచే దిగింది. అదే ద్రావణంలో ఇంకో ఎలక్ట్రోడు ముంచితే గీత బుద్ధిగా పడుకుంది. మొదటిది మళ్లీ పెడితే దిగుతూనే ఉంది.

అప్పుడు తట్టింది. శనివారం బాపుకు ఒక్కపొద్దు. సాయంత్రందాకా మెతుకు ముట్టడు, సూది మాత్రం మానడు. తిండి లేకుండా సూది వేస్తే చక్కెర పడిపోతుంది, వద్దని పోరితే ‘దేవుడు సూస్కుంటడు తియ్ బిడ్డా’ అనేవాడు.

ఇంటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. అమ్మ రింగ్ రోడ్‌లో చీరల కొట్లో పనికి పోయింది. ఆటో ఎక్కాను.

బాపు గోడకు జారగిలబడి చెమటతో తడిసిపోయాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను గుర్తుపట్టలేదు. చక్కెర వేలితో చిగుళ్లకు రాస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి ‘ఏందే, గిట్ల ఏడుస్తున్నవ్?’ అన్నాడు.

సోమవారం హేతల్ ఆ గీత చూపించింది. నేను వెళ్లాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదట. దాదాపు అడుగుకు చేరి, మళ్లీ పైకెక్కింది. ఎక్కడం మొదలైన వేళ, నేను బాపు నోట్లో చక్కెర పెట్టిన వేళే.

ఎలక్ట్రోడు పాడైందన్నారు మా గైడ్. అయ్యుండొచ్చు. ఒక్కపొద్దు సంగతి మనసులో మెదలబట్టే పరుగెత్తి ఉంటాను. మరి గీత ఎందుకు ఎక్కింది? నాకు తెలియదు.

ఆ ఎలక్ట్రోడు ఇప్పటికీ నా దగ్గర డబ్బాలో ఉంది. మొన్నామధ్య బాపే అడిగాడు, ‘అది ఇంకా పన్జేస్తదా? జర ముంచి సూడరాదు’ అని. పారేశానని అబద్ధమాడాను. ఉత్త ద్రావణంలో గీత పడుకోవాలి, నేను చదివిన చదువు అదే చెబుతుంది. అది బాపు గీతే అయితే, పడుకుని ఉండగా చూసే ధైర్యం మాత్రం నాకు లేదు.