నాగూర్‌బీ కట్టిన మొదటి మూర

కుదురు అనే మాట నాగూర్‌బీకి తెలియదు. యాభై అయిదేళ్ళు వచ్చాయి, ఇప్పటికీ టీ తాగుతూ కూడా కొంగు అంచును వేళ్ళతో మెలిపెడుతూనే ఉంటుంది. ముప్పై ఏళ్ళు బస్టాండు ముందు కూర్చుని మల్లెలూ కనకాంబరాలూ కట్టిన వేళ్ళు అవి. పువ్వు లేకపోతే గాలినైనా కడతాయి. ఆమె పక్కన కూర్చుంటే నాకూ కాలు నిలవదు. పైగా నా నోరు మంచిది కాదు. ‘మా ఉషారాణి నోటికి జడిసి వరికయ్యలో కొంగలు కూడా వాలవు’ అని కోవూరులో మా అమ్మ చెప్పుకుంటుంది. అలాంటి ఇద్దరం ఒక రేకుల షెడ్డులో కూర్చుని సముద్రపు నాచు పెంచాలి!

మా ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట ఒకప్పుడు నీళ్ళ అడుగున నాచు దట్టంగా అడవిలా ఉండేదట. రొయ్యపిల్లలూ పీతలూ అందులో దాక్కుని పెరిగేవి. వరసగా మూడు వేసవులు నీళ్ళు వేడెక్కేసరికి నాచు తెల్లబడి ఊడిపోయింది. దాంతో వలల్లో పీత పడటం కూడా తగ్గిపోయింది. ఆ అడవిని మళ్ళీ పెంచే పథకంలో నేను ఫీల్డు అసిస్టెంటుని. బతికున్న నాచును పిలకలుగా తుంచి, తాళ్ళకు కట్టి, వెదురు తెప్పలకు వేలాడదీయాలి. పెరిగాక ఏటి అడుగున రాళ్ళ మీదికి మార్చాలి. బిగించి కడితే పిలక తెగుతుంది, వదులుగా కడితే అల లాక్కుపోతుంది. అందుకే పూలు కట్టే మనిషిని వెతికి తెచ్చుకున్నాను.

“పాచి కట్టడానికి పూలామెనా తెచ్చినావు?” అని మా పడవ నడిపే మాల్యాద్రి పడీ పడీ నవ్వాడు.

“పువ్వైనా పాచైనా మెడ నలక్కుండా కట్టాల. నీ వల ముడులు గాదు ఇయి” అని నాగూర్‌బీ అతని నోరు మూయించింది.

ఈ ఏడాది మే ఎండలకు తెప్పల మీద ఉన్నదంతా పోయింది. ఏటి మలుపులో పాత రాతికట్ట నీడన ఒక్క గుబురు మాత్రం మిగిలింది. అంత వేడికి తట్టుకున్న విత్తనం మా దగ్గర అదొక్కటే. అది కూడా పోతే మళ్ళీ నాటడానికి ఏమీ ఉండదు. ‘కొంచెం ఆడనే ఉంచమ్మా’ అని మాల్యాద్రి అంటున్నా వినకుండా జూన్ మొదట్లో ఒక పొద్దున మొత్తం కోయించాను. ఆ ఎండలో రేపటిదాకా ఉంటుందని నమ్మకమేమిటి? మూరెడేసి తాళ్ళు నలభై ఇచ్చి నాచును నాగూర్‌బీ ముందు పోశాను. పదకొండుకల్లా కట్టేసింది. చూస్తే ముప్పై తొమ్మిదే ఉన్నాయి.

“ఇంకోటేదక్కా?”

“తెగిపోయిందమ్మా” అంది నా మొహం చూడకుండా.

గట్టిగా అడిగేదాన్నే కానీ అంతలో పడవ ఇంజను మొరాయించింది. సామాను నెల్లూరులో తప్ప దొరకదన్నాడు మాల్యాద్రి. “ఎండ తగలనీయొద్దు, తడి ఆరనీయొద్దు” అని ఆమెకు చెప్పి అతని బండి వెనక ఎక్కాను. ఆ పాడు ప్లగ్గు కోసం నెల్లూరులో కాలుకాలిన పిల్లిలా షాపు షాపూ తిరిగాం. వెనక్కి వచ్చేసరికి నాలుగున్నర అయింది.

షెడ్డులో తాళ్ళన్నీ తడి గోనెల కింద పూలచెండ్లలా చుట్టలు చుట్టి ఉన్నాయి. నాచు ఎరుపు దిగి నేల మీద గులాబీరంగు నీళ్ళు పారుతున్నాయి. గోనె ఎత్తి చెయ్యి పెడితే ఉడికిన సేమ్యాలా మెత్తగా తగిలింది. పక్కన నాలుగు ఖాళీ బిందెలున్నాయి.

“ఏం నీళ్ళు పోశావక్కా?”

“మంచినీళ్ళేనమ్మా. ఇంటికాడినుంచి మోసుకొచ్చినా. నాలుగు తడవలు తిరిగినా. ఒక్క నిమిషం ఆరనీయలా” అంది గర్వంగా.

పది అడుగుల దూరంలో ఉప్పుటేరు పారుతోంది. ఉప్పునీళ్ళు చల్లితే మల్లెలు మాడిపోతాయి కనుక, ఇంట్లో తాగే నీళ్ళు కిలోమీటరు దూరం నుంచి మోసి, ఉప్పులో పుట్టినదాన్ని చంపేసింది ఆ మనిషి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “బుద్ధుండక్కర్లా? సముద్రంలో పెరిగేదానికి ఎవరన్నా మంచినీళ్ళు పోస్తారా? నీ పూలబుట్ట అనుకున్నావా?” అని మొదలుపెట్టి నోటికొచ్చిందల్లా అన్నాను. చివరికి “తాడు కూడా దొంగిలించావు” అని కూడా అనేశాను. ఆమె వేళ్ళు ఆగిపోయాయి. అవి ఆగడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళిపోయింది.

మాల్యాద్రి గొంతు సవరించుకున్నాడు. “తడి ఆరనీయొద్దంటివి గానీ ఏ నీళ్ళో చెప్పలేదు గదమ్మా. నేనూ ఆడనే ఉండా.”

నారు పోసినవాడు నీరు పోయకపోతాడా అంటారు మా కోవూరులో. నారు పోసిందీ నేనే, ఏ నీరో చెప్పనిదాన్నీ నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎటు పోవాలో తోచలేదు. ఆ చెప్పులు చేత పట్టుకుని ఆమె ఇంటికి పరుగెత్తాను. తాళం వేసి ఉంది. బస్టాండు దగ్గర లేదు. చివరికి ఏటి ఒడ్డున చిన్న దర్గా ముందు కనిపించింది. పడవలు కట్టే కొయ్యను పట్టుకుని నడుంలోతు నీళ్ళలో నిలబడి ఉంది.

“అక్కా! ఏం పని ఇది? బయటికి రా!” అని అరిచాను.

“దొంగతనం చేసినమాట నిజమేనమ్మా” అని ఏడ్చింది. “ఏది కట్టినా మొదటి మూర మనది గాదు, దర్గాకియ్యాల. మా అమ్మ నేర్పింది. ఇది పువ్వు గాదే, గోరీ మింద ఏస్తే ఎండిపోద్ది. అందుకని మీరు నెల్లూరు పోయినాక ఈ కొయ్యకి చుట్టి నీళ్ళలో వదిలినా. చెబితే తిడతావని తెగిపోయిందన్నా.”

చుడీదారుతోనే నీళ్ళలోకి దిగి కొయ్యను తడిమాను. తాడు చేతికి తగిలింది. దాని పొడుగునా పిలకలు, ఎర్రగా, బిరుసుగా, బతికి ఉన్నాయి.

“ఇది చాలక్కా! తుంచి కడితే ముక్కముక్కా పెరుగుతుంది. విప్పు” అన్నాను.

“ఇచ్చింది ఎనక్కి తీసుకోగూడదమ్మా.”

నా చెయ్యి అప్పటికే ముడి మీద ఉంది. లాగేస్తే క్షణం పని. లాగలేకపోయాను. “నీ ఇష్టం అక్కా. ఏ నీళ్ళో చెప్పకపోవడం నా తప్పు. నిన్ను దొంగ అనడం ఇంకా పెద్ద తప్పు” అన్నాను.

ఆమె దర్గా వైపు చూసింది. మెల్లగా వేళ్ళు కొంగును వెతుక్కున్నాయి.

“దర్గాలో పూలిస్తే అన్నీ ఆడనే ఉంచుకోరు గదా. తబర్రుక్ అని నాలుగు మన చేతిలోనే పెడతారు, ఇంటికి తెచ్చుకుంటాం” అంది. “అట్టా సగం తీసుకుందాం. సగం ఈడనే ఉండాల. మొత్తం ఊడ్చుకోని పోగూడదు.”

పొద్దున మొత్తం ఊడ్పించిందాన్ని నేనే. తల ఊపాను.

ఆమె తాడును పళ్ళతో కొరికి తెంపి సగం నా చున్నీలో పెట్టింది. ఒడ్డెక్కబోతూ ఆగి, వంగి దోసెడు ఏటినీళ్ళు పట్టింది. నాలుకతో రుచి చూసి, ఉప్పుకు మొహం చిట్లించి, అప్పుడు నాచు మీద పోసింది.