ఎండకి పడిన చేపలు

ఏప్రిల్ ఇరవై ఆరు, ఆదివారం. పూర్తిగా తెల్లవారకముందే మా బాల్కనీ గంట మోగింది. బర్మాలో మేముండే లమ్మడాలో మా వీధి మేడలన్నిటికీ బాల్కనీల నుంచి తాళ్లు వేలాడుతుంటాయి. కింద నిలబడి తాడు లాగితే పైన గంట మోగుతుంది. పేపరో పాలో క్లిప్పుకు తగిలిస్తే పైకి లాక్కుంటాం. ఆదివారం ఆ వేళప్పుడు మా తాడు లాగే మనిషి ఒక్కరే. ఆస్పత్రి నుంచి ఎప్పుడొచ్చేశారా అని ఆశ్చర్యపోతూ, సంబరంగా బాల్కనీలోకి పరిగెత్తాను. కింద తాడు పట్టుకుని నిలబడింది తాత కాదు, మామ్మ.

"దిగి రాయే అమ్మా," అంది తల పైకెత్తి. "మీ తాత ఎల్లిపోనాడు."

తాత నాకు రక్తసంబంధం కాదు. మా మేడలో కింది వాటా వాళ్లది, మూడో అంతస్తు మాది. ఆయన పెద్దలు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవు పనికి వచ్చినవాళ్లు. ఆయన ఒక పప్పుల హోల్‌సేల్ కొట్టులో తూకం దగ్గర పనిచేసి, వయసు మీదపడ్డాక మానేశారు. ఇది చదివే మా వీధివాళ్లు చాలామంది ఆయన్ని గాలం కర్రతో బస్సెక్కుతుండగా చూసే ఉంటారు. కండక్టరు కర్ర చూసి సణిగితే, "దీనికీ టికెట్ కొట్టు బాబూ, కిటికీ పక్కన కూర్చోబెడతాను" అని బర్మీస్‌లో అనేవారు. కండక్టరు నవ్వేసేవాడు.

ఆదివారాలు నన్నూ వెంట తీసుకెళ్లేవారు. ఊరి చివర లైంగ్‌థార్యార్ దాకా బస్సు, అక్కణ్నుంచి పికప్ బండి. ఫ్యాక్టరీల గోడలు అయిపోయి పొలాలు మొదలయ్యాక ఒక ఇన్ ఉంది. నది ఎప్పుడో దారి మార్చుకుంటూ వదిలేసి పోయిన పాత వంపు అది. ఎవరూ తవ్వలేదు కాబట్టి దాన్ని చెరువు అనడానికి తాత ఒప్పుకునేవారు కాదు. బర్మావాళ్లు ఇన్ అంటారు, ఆయనా ఇన్ అనేవారు.

ఇంట్లో తెలుగు వింటే నాకు అర్థమయ్యేది. మాట్లాడబోతే మాత్రం సగంలో బర్మీస్‌లోకి జారిపోయేదాన్ని. గుడిలో ఆదివారం సాయంత్రం తరగతికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. మాటలు నేర్చుకుంది ఆ ఇన్ గట్టు మీద. బెండు, ఎర, సీసం గుండు, జెల్ల, మట్టగిడస, కొర్రమీను. తాత ఒక్కొక్క వస్తువూ నా చేతిలో పెట్టి దాని పేరు చెప్పేవారు. నేను తిరిగి చెబితేగాని తన పట్టు వదిలేవారు కాదు. ఒకసారి తరగతిలో విన్న గొప్ప మాట ఒకటి మోసుకెళ్లాను.

"తాతా, దీన్ని సరస్సు అనాలట."

"ఎవులన్నారు?"

"పుస్తకంలో ఉంది."

ఆయన గాలం కర్ర కాస్త సవరించుకున్నారు. "బాగుంది మాట. మెల్లగా అనే, సేపలు బెదిరిపోతాయి."

ఎండలు ముదిరాక అక్కడ గాలం వేయడం ఓపిక పని. నీళ్లు తగ్గి అంచు గట్టుకు దూరమవుతుంది. పొద్దెక్కితే చేపలు లోతుకు దిగిపోతాయి. అందుకే చల్లపూట చేరుకుని, తూటికూర తీగల అంచున చిన్న కప్పను ఎరగా వేసి కూర్చునేవాళ్లం. కొర్రమీను గాలి కోసం పైకి వచ్చి, గుటక వేసినట్టు చిన్న చప్పుడు చేస్తుంది. ఎన్ని కబుర్ల మధ్యనైనా ఆయనకు ఆ చప్పుడు వినబడేది. అయినా వెంటనే గాలం వేయనిచ్చేవారు కాదు.

"ఊపిరి తీసుకోనీయే. నోట్లో ముద్ద ఉండగా ఎవులైనా పిలిస్తే నువ్వు పలుకుతావేటి?"

తింజాన్ నీళ్ల పండుగ దాటితే గాలం కర్ర ఇంట్లోనే. అప్పటికి ఇన్ కుంచించుకుపోతూ అంచుల్లో చిన్న చిన్న మడుగులు వదిలేస్తుంది. వాటిలో చిక్కిన చేపలు వానలు వచ్చేదాకా బతకవు. అలాంటి చేపల్ని పట్టి పెద్ద నీళ్లలో విడిచిపెట్టడం బర్మావాళ్ల ఆచారం. మేళాలతో, ముస్తాబైన ఆడవాళ్లు కుండలు పట్టుకుని వరసగా నడుస్తారు. తాత ఊరేగింపుకు మేళం లేదు. రెండు నూనె డబ్బాలు, ఒక కొబ్బరి చిప్ప, వెనక నేను. మడుగులో ఎంత పెద్ద కొర్రమీను చేతికి దొరికినా ఇంటికి తెచ్చేవారు కాదు. "గాలానికి పడింది మనది. ఎండకి పడింది మనది కాదు," అనేవారు. పులుసుకు చింతపండు నానబెట్టుకుని కూర్చున్న మామ్మ ఈ మాట ఎన్ని ఏళ్లు విందో.

నేను మొదటిసారి సాయం వెళ్లినప్పుడు డబ్బాలో నీళ్లు వేడిగా తగిలాయి. పాపం చేపలు అనుకుని, గట్టు మీది టీ కొట్టుకు పరిగెత్తి ఐసు ముక్కలు తెచ్చి వేశాను. కాసేపటికి పిల్ల చేపలు పక్కకు ఒరిగిపోవడం మొదలుపెట్టాయి. తాత గబగబా ముక్కలన్నీ ఏరి పారేశారు.

"ఓలమ్మ! సేపలకి షర్బతు సేసినావేటే!"

నవ్వు ఆగాక ఆయన మళ్లీ మడుగు నీళ్లే తెచ్చి డబ్బా నింపారు. చేపలు తేరుకున్నాక ఇన్ ఒడ్డుకు మోసుకెళ్లి, కొబ్బరి చిప్పతో కొత్త నీళ్లు కొంచెం కొంచెంగా పోశారు. "కొత్త నీల్లలోకి ఎల్లినోడికి తన పాత నీల్లు కొన్ని కూడా ఉండాలే. అలవాటు పడేదాకా." చాలాసేపటి తర్వాత డబ్బా వంచారు. చేపలు ఒక్కసారిగా దూకలేదు. అంచు దగ్గర కాస్త ఆగి, ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోయాయి.

ఈ ఏడు పండుగ దాటిన ఆదివారం వెళ్లేసరికి, మడుగు అప్పుడే ఇన్ నుంచి విడిపోయి ఉంది. తాత ఒక్క డబ్బా ఎత్తి, ఆయాసంతో కింద పెట్టేశారు. వచ్చే వారం చూద్దాం అన్నారు. ఆ వారంలోనే ఆస్పత్రిలో చేర్చారు. చూడ్డానికి వెళితే తన ఒంటి సంగతి ఏమీ చెప్పలేదు.

"మబ్బేటైనా పట్టిందా?"

"లేదు తాతా."

"వాన దాకా మడుగు ఆగుద్దా?"

"ఆగుద్ది."

"నీకెలాగ తెలుసే?" అని నవ్వారు. నాతో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే.

ఆయన పోయాక మడుగు దగ్గరకు ఒక్కదాన్నే వెళ్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. టీ కొట్టు నడిపే పెద్దావిడను మేం డాజీ అని పిలుస్తాం. ఆమెకు ఫోన్ చేస్తూ వచ్చాను. మడుగు మీద నీడకు తాటాకులు కప్పానంది. మొదట నీళ్లు మోకాలి దాకా ఉన్నాయంది, తర్వాత చీలమండ దాకా అంది. నిన్న పెద్దకర్మ జరిగింది. సాయంత్రం ఆమే ఫోన్ చేసి, "కొంగలు దిగుతున్నాయి. త్వరగా రా," అంది.

ఇవాళ మామ్మ దగ్గరకు వెళ్లాను.

"డబ్బాలెక్కడ మామ్మా?"

"ఏటికి?"

చెప్పాను. మామ్మ మంచం కింద నుంచి డబ్బాలు లాగి, కొంగుతో దుమ్ము తుడిచింది. "నన్ను పెల్లాడి, కాపరం ఆ సేపల్తో సేసినాడు. ఒక్కనాడైనా ఆ ఇన్ మొకం సూడలేదు నాను." తుడవడం ఆపింది. "నానూ వత్తాను."

వంటింట్లోంచి ఆమె చెల్లెలు గాభరాగా వచ్చింది. "అప్పా, నిన్ననే కదా కర్మ అయింది! ఇప్పుడే గడప దాటుతావేటి? నలుగురూ ఏటనుకుంటారు?"

"నలుగురూ వత్తే మరీ మంచిది. డబ్బాలు బరువు," అంది మామ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "ఐసు మాత్రం తేకు."

ఆ ఐసు సంగతి నేనెప్పుడూ ఆమెకు చెప్పలేదు. తాత చెప్పారన్నమాట. ఆదివారాలు ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఆమె చూడని ఆ నీళ్ల కబుర్లన్నీ చెప్పేవారన్నమాట.

మామూలుగా చీకటి పడుతుంటే తాడు పైకి లాగేస్తాం. ఇవాళ కిందికే వదిలేశాను. గాలికి కొద్దిగా ఊగుతోంది, గంట మాత్రం మోగడం లేదు. రేపు తెల్లవారకముందే లాగుతానంది మామ్మ. మొదటి బస్సుకు వెళ్తాం. డబ్బాల్లో ముందుగా మడుగు నీళ్లే పోస్తాం.