కొత్త టీవీలో ప్లీడరు కోటు

రఫూ పిన్ని ఎవరినీ నమ్మదు. ఈ మాట చాటుగా అనాల్సిన పని లేదు, ఆవిడే గొప్పగా చెప్పుకుంటుంది. కూరగాయల కొట్టు తూకాన్ని నమ్మదు, గోడ గడియారాన్ని నమ్మదు, వాన రాదని చెప్పే వార్తల్ని అసలే నమ్మదు. పెళ్ళయి ముప్ఫై నాలుగేళ్ళయినా, భర్త తలుపుకి తాళం వేస్తే తను వెనక్కి వచ్చి మరోసారి లాగి చూడందే మెట్లు దిగదు. వీధిలో వాళ్ళు ఎదురుగా రఫూ పిన్ని అంటారు. ఆవిడ మలుపు తిరగగానే అనుమానాల పిన్ని అంటారు. ఆ సంగతీ ఆవిడకి తెలుసు, మలుపు దగ్గర ఆగి వింటుంది కాబట్టి.

అయితే ఆ అనుమానమే ఇన్నేళ్ళూ ఆవిడకి అన్నం పెట్టింది. చిరిగిన చీరనీ, నిప్పురవ్వ పడి కాలిన కోటునీ, ఎలుక కొరికిన శాలువానీ పోగుకి పోగు కలిపి, చిల్లు ఎక్కడుండేదో సొంతదారుకే తెలియకుండా చెయ్యడం ఆవిడ పని. అందులో సగం సూది పనితనం, సగం దారం రంగు. దీపం కింద ఏ రంగునీ నమ్మకూడదనేది ఆవిడ సూత్రం. రీలూ బట్టా పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళి, పగటి వెలుతురులో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ సూదిలోకి దారం ఎక్కదు. మూడు వందల పైచిలుకు రీళ్ళున్న చెక్కపెట్టెని భర్తని కూడా ముట్టుకోనివ్వదు. "మీరు చెయ్యి పెడితే నీలాలన్నీ నలుపుల్లో కలిసిపోతాయి" అని కసురుతుంది. "నా రఫూని వేలుపెట్టి చూపించినవాడు ఇంకా పుట్టలేదు" అనడం ఆవిడకి ఊతపదం.

అలాంటి మనిషి దగ్గరికి పోయిన వారం వీధి చివరి ప్లీడరుగారు తన కోటు తిరిగి పట్టుకొచ్చారు. నేవీ బ్లూ కోటు. ఎడమ జేబు కింద మేకుకి తగులుకుని బొటనవేలి గోరంత చిరిగితే, పది రోజుల కిందట పిన్నే రఫూ చేసి ఇచ్చింది.

"రఫూ కనబడుతోందమ్మా" అన్నారు ప్లీడరుగారు మెల్లగా.

పిన్ని కోటు లాక్కుని గుమ్మంలో పట్టి చూసింది. కోటంతా ఒకటే రంగు. ఇంకేం, ఒళ్ళు మండిపోయింది ఆవిడకి. "నా పని శుభ్రంగా ఉంది. ముందు మీ కళ్ళు చూపించుకోండి ప్లీడరుగారూ!" అంది.

ఆయన పెద్దమనిషి. కోటు అక్కడే వదిలేసి, ఇంకోసారి చూడమ్మా అని వెళ్ళిపోయారు. ఆ సమయంలో భర్త ఇంట్లో లేడు. పిన్ని ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. ఎవరో తన మీద లేనిపోనివి నూరిపోశారని, పక్క వీధిలో కొత్తగా మిషను పెట్టిన దర్జీ పనే అయ్యుంటుందని తీర్మానించుకుంది. పైకి అలా అనుకుంది గానీ, ఆ రోజు నుంచీ సరిగ్గా నిద్ర లేదు. ముప్ఫై ఏళ్ళలో ఒక బట్ట తిరిగి రావడం అదే మొదలు. రఫూ కనబడిందన్న మాట వీధిలో పాకితే ఇక ఆ గుమ్మం తొక్కేదెవరు?

ఈ గొడవలోనే టీవీ గొడవ వచ్చిపడింది.

ఏడాదిగా ఇంట్లో టీవీ మసకబారిందని పిన్ని సణుగుతూనే ఉంది. మొహాలన్నీ కాఫీ రంగు, ఆకాశం బూడిద రంగు. "కావాలనే ఇలా తయారు చేస్తారండీ. ఏడేళ్ళకల్లా వెలిసిపోవాలి, మనం ఇంకోటి కొనాలి. అంతా కూడబలుక్కున్న దొంగలు" అనేది. దారాల కంపెనీలూ రంగులో కల్తీ చేస్తున్నాయనేది. ట్యూబులైట్లూ మునుపటిలా వెలగడం లేదనేది. ఇన్ని వస్తువులు ఒక్కసారే ఎందుకు చెడిపోయాయని మాత్రం ఆవిడ అడగలేదు.

ఆవిడ భర్త బస్సు కండక్టరుగా చేసి రిటైరైనాయన. వీధికి కండక్టరు బాబాయి. ముప్ఫై ఏళ్ళు బస్సులో అరిచినందుకో ఏమో, ఇంట్లో నోరు విప్పడం తక్కువ. ఆయన ఆదివారం పొద్దున్నే, "పద, మెయిన్ రోడ్డు షాపులో కొత్త టీవీ చూద్దాం" అన్నాడు.

పిన్ని కళ్ళు చిట్లించింది. "ఉన్నట్టుండి ఇదేంటి? ఆ షాపులో మీకు తెలిసినవాళ్ళెవరు?"

"ఎవరూ లేరే."

"లేకపోతే ఆ షాపే ఎందుకు?"

"మనింటికి దగ్గరని."

దగ్గరన్న మాట కూడా ఆవిడకి నచ్చలేదు. అయినా బయల్దేరింది. బయల్దేరే ముందు బట్టలు కొలిచే టేపు తీసి హాలు కొలిచింది. హాలంటే పేరుకే, పనిగదీ అదే, భోజనాల గదీ అదే. గుమ్మం పక్కన తన స్టూలు. టీవీ పెట్టే గోడ గుమ్మానికి సరిగ్గా ఎదురు. అంటే పగలంతా వెలుతురు తెర మీదే పడుతుంది, తను చూసేదేమో పక్క నుంచి. స్టూలు నుంచి గోడకి ఎనిమిదిన్నర అడుగులు. పాత క్యాలెండరు కాగితం వెనక బొమ్మ గీసుకుంది.

తర్వాత అసలు తెలివి చూపించింది. "షాపుల్లో చిలకల్నీ పువ్వుల్నీ వేస్తారు. ఆ చిలక అసలు రంగు ఎవడు చూశాడు? ఎంత పచ్చగా చూపిస్తే అంతా పచ్చే. నాకు పోగు పోగూ తెలిసిన వస్తువు కావాలి" అంటూ ప్లీడరుగారి కోటు తెచ్చి గుమ్మంలో వేలాడదీసింది. "దీన్ని ఫోటో తియ్యండి. కోటు సంచీలో తీసుకెళదాం. తెర మీద రంగూ కోటు రంగూ కలిసిన టీవీయే మనది." లోపల ఇంకో లెక్క కూడా ఉంది. అంత పెద్ద తెర మీద కూడా రఫూ కనబడకపోతే, అదే ఫోటో ప్లీడరుగారి మొహాన చూపించి నోరు మూయించవచ్చు.

బాబాయి ఏమీ అడక్కుండా ఫోన్‌తో ఫోటో తీశాడు.

షాపులో గోడ నిండా టీవీలు, అన్నిటిలోనూ చిలకలే. పిన్ని భర్త వైపు చూసి చూశారా అన్నట్టు తలాడించింది. సేల్స్‌మన్ బట్టతల మనిషి, ఓపికమంతుడు. ఆ ఓపిక మీదే పిన్నికి మొదటి అనుమానం వచ్చింది.

"ఇక్కడింత చీకటిగా ఎందుకు పెట్టారు బాబూ?"

"బొమ్మ బాగా కనబడాలని అమ్మా."

"అదీ సంగతి! మా ఇంట్లో గుమ్మం ఎదురుగా పెట్టాలి. ఆ కర్టెన్లు తియ్యి, లైట్లన్నీ వెయ్యి. అప్పుడు చూద్దాం నీ చిలకల్ని."

కర్టెన్లు తీశారు. సగం టీవీల్లో చిలకలు మాయమై, వీధిలో పోయే బస్సులూ పిన్ని మొహమూ కనబడ్డాయి. "పైన పటారం, లోన లొటారం" అందావిడ సంబరంగా. అద్దంలా మెరిసే తెరలన్నీ అలా ఎగిరిపోయాయి. తర్వాత టేపు తీసి, ఎనిమిదిన్నర అడుగులు కొలిచి, స్టూలు వేయించుకుని పక్కగా కూర్చుంది. పక్క నుంచి చూస్తే కొన్నిటిలో బొమ్మ పాలిపోయింది. అవీ పోయాయి. "అన్నీ రంగులు ఎక్కువ కొట్టేలా పెట్టారు, మామూలుగా పెట్టు" అంటే సేల్స్‌మన్ రిమోట్ నొక్కి మామూలుగా పెట్టాడు. ఇన్ని వడపోతల తర్వాత రెండు మిగిలాయి.

"అమ్మా, మీరు మా మేనేజరుగా రావాల్సింది" అన్నాడతను.

"కాకా పట్టకు. ఈ ఫోటో వెయ్యి."

తెర నిండా కోటు వచ్చింది. పిన్ని సంచీలోంచి అసలు కోటు తీసి పక్కన పట్టింది. తెర మీదా నేవీ బ్లూయే, చేతిలోనూ నేవీ బ్లూయే. ఎక్కడా తేడా లేదు, రఫూ ఊసే లేదు. వారం రోజుల బరువు దిగిపోయి, ఆవిడ మొదటిసారి నవ్వింది.

సేల్స్‌మన్ కూడా నవ్వాడు. "చూశారా అమ్మా ఎంత క్లియరో! ఆ అతుకు కూడా ఎంత బాగా తెలుస్తోందో!"

"ఏ అతుకు?"

"అదేనమ్మా, ఆ కుట్టు."

పిన్ని నవ్వు ఆగిపోయింది. ముందు వచ్చింది కోపం. వీడికెవరు చెప్పారు? ప్లీడరు ఈ షాపుకొస్తాడా? లేక పక్క వీధి దర్జీ వీడి చుట్టమా? పట్టేస్తాను, ఇప్పుడే పట్టేస్తాను అనుకుంది. చేతిలో కోటు సంచీలో కుక్కేసింది. "నువ్వు నోరెత్తకు బాబూ. వేలూ చూపించకు" అని అతన్ని పక్కకి జరిపింది. మిక్సీలు చూస్తున్న ఒకామెని చెయ్యి ఊపి పిలిచింది.

"అమ్మా, కాస్త చూసి చెప్పు. ఈ కోటు మీద నీకేమైనా కనబడుతోందా?"

ఆమె ఇటు చూసి, తడుముకోకుండా వేలు పెట్టింది. "ఇదిగో, జేబు కింద నల్లగా ఉంది కదండీ."

పిన్ని అయినా వదల్లేదు. వాషింగ్ మెషీన్ల దగ్గర నిలబడ్డ భర్తని పిలిచింది. ప్లీడరుగారు తిరిగి తెచ్చిన సంగతి ఆయనకి తెలియదు, చిల్లు ఎక్కడుండేదో అసలే తెలియదు. ఆయన్ని తెర ముందు నిలబెట్టి, "ఏం కనబడుతోంది?" అంది.

బాబాయి వంగి చూశాడు. ఆయన వేలు కూడా సరిగ్గా అక్కడికే వెళ్ళింది. ఎడమ జేబు కింద, రెండు వేళ్ళ దూరంలో. "ఇదేంటే, ఇక్కడ నల్ల దారం ఉంది? ఫోన్లో తెలియలేదు."

ముగ్గురు మనుషులు, ఒకటే అతుకు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, ఆ ఏర్పాటు చేసింది తనే. ఎదుటివాళ్ళని పట్టుకోవడానికి పన్నిన వలలో ఎంత వెతికినా చిల్లు లేదు. పిన్ని తెరకి జానెడు దూరంలోకి వెళ్ళి చూసింది. కళ్ళు నులుముకుని చూసింది. ఆవిడకి అంతా ఒకటే రంగు. భయమేసింది. అంతకు ముందెప్పుడూ తెలియని భయం.

"ఇది ప్యాక్ చేయించమంటారా అమ్మా?" అన్నాడు సేల్స్‌మన్.

"వద్దు బాబూ. నీ టీవీ మంచిదే" అంది పిన్ని. ఆవిడ నోట అలాంటి మాట విని బాబాయి ఉలిక్కిపడ్డాడు.

ఇంటికి రాగానే పాత టీవీ పెట్టి స్టూలు మీద కూర్చుంది. అవే కాఫీ రంగు మొహాలు.

"ఏమండీ, నిజం చెప్పండి. మన టీవీ ఎలా ఉంది?"

బాబాయి లేచి టీవీ శబ్దం తగ్గించాడు. "బాగానే ఉంది."

"ఎప్పటి నుంచి?"

"కొన్న రోజు నుంచీ. నువ్వు లేనప్పుడు మెకానిక్కుని కూడా పిలిచి చూపించాను. ఏ లోపమూ లేదని నవ్వాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నేనూ మెకానిక్కూ కలిసి నాటకం ఆడుతున్నామంటావు."

పిన్ని ఆలోచించింది. "అంటాను" అని ఒప్పుకుంది. "మరి కొత్తది ఎందుకు కొందామన్నారు?"

"అందులోనూ మసకగానే ఉంటే, అప్పుడైనా నీకే తెలుస్తుందని. మా అక్కకి కళ్ళలో శుక్లాలు వచ్చినప్పుడు ఇలాగే అందరి మీదా విరుచుకుపడేది. ఆపరేషన్ అయ్యాక ఎదురింటావిడ జాకెట్టు రంగు తన గుమ్మంలోంచే చెబుతోంది. రేపు కంటి డాక్టరు దగ్గరికి వెళదాం."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఏడాదంతా టీవీనీ ట్యూబులైటునీ దారాన్నీ తిట్టుకుంటూ వచ్చిన సంగతి ఆవిడ కళ్ళ ముందు తిరిగింది. అప్పుడు ఏడుపొచ్చింది. దాచుకోకుండా ఏడ్చింది. ఏడుస్తూనే ప్లీడరుగారి సంగతంతా చెప్పేసింది. "నా కళ్ళు పోతే నేను దేనికండీ? నాకు ఇంకో పని రాదు కదా."

"పోవు. పొర తీస్తారంతే."

"తీస్తారో తీసినట్టు నటిస్తారో ఎవరికి తెలుసు" అంది ముక్కు తుడుచుకుంటూ. బాబాయికి ప్రాణం లేచొచ్చింది, మనిషి పూర్తిగా చెడిపోలేదని.

తర్వాత ఆవిడ కోటు ఒళ్ళో పరుచుకుంది. రఫూ ఎక్కడుందో వేళ్ళకి తెలుసు. చిన్న కత్తెరతో ఒక్కొక్క పోగే తెంపి ఆ నల్ల దారమంతా లాగేసింది. చెక్కపెట్టె తెరిచి, ముప్ఫై నాలుగేళ్ళలో మొదటిసారి దాన్ని భర్త ముందుకి జరిపింది.

"దీనికి సరిపోయే దారం తియ్యండి."

బాబాయి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. ఒక రీలు తీశాడు, పెట్టేశాడు. ఇంకోటి తీశాడు. ఆవిడ చెప్పకుండానే కోటూ రీలూ పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళి, పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి, చాలాసేపు చూశాడు. టికెట్లు తప్ప మరేదీ అంత శ్రద్ధగా చూసిన మనిషి కాదాయన.

"ఇదేనే."

పిన్ని అలవాటుగా రీలు అందుకుని కంటి దగ్గరికి ఎత్తబోయింది. సగంలో చెయ్యి ఆగిపోయింది. రీలు ఆయనకే ఇచ్చి, "సూదిలోకి ఎక్కించి ఇవ్వండి" అంది.

ఎక్కించడానికి ఆయనకి నాలుగు ప్రయత్నాలు పట్టాయి. సూది చేతికి రాగానే ఆవిడ వేళ్ళు తమ పని తాము మొదలుపెట్టాయి. బాబాయి పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"సరిపోయిందంటావా?" అన్నాడు కాసేపటికి, కొంచెం భయంగా.

"నన్నడుగుతారేంటి? చూసింది మీరు."

"మరి ప్లీడరుగారికి ఏం చెబుతావు?"

పిన్ని తల ఎత్తకుండా ఇంకో పోగు లాగింది.

"ఆయన కళ్ళు బాగానే ఉన్నాయని చెబుతాను" అంది.