ఆగని గీత

మా బావ జగ్గయ్యపేటలో లారీలకు బొమ్మలు వేసేవాడు. ముక్త్యాల సిమెంటు లారీల వెనక కనిపించే పచ్చ చిలకల్లో చాలావరకు ఆయనవే. ఒకరోజు లారీ పైనుంచి పడి మెడ దెబ్బతింది. మాట మిగిలింది, చేతులు మిగల్లేదు.

నేను నందిగామలో ఇంటి నుంచే ప్రోగ్రాములు రాస్తాను. బావ కోసం తలకు తొడిగే సెన్సర్ల టోపీ తెప్పించాను. చెయ్యి కదుపుతున్నట్టు మనసులో అనుకుంటే మెదడులో పుట్టే సన్నటి విద్యుత్తును అది పట్టుకుంటుంది. దాన్ని తెర మీద గీతగా మార్చడం నా ప్రోగ్రాము పని.

"బుర్రలో ఉన్నదంతా కనబడిపోద్దేంట్రా? మీ అక్క పక్కనే ఉంది" అన్నాడు బావ, మొదటిసారి తొడిగినప్పుడు.

"ఏమీ కనబడకపోతే టోపీ దండగ" అంది అక్క.

"కుడి చెయ్యి కదుపుతున్నట్టు అనుకో బావా" అన్నాను. తెర మీద చుక్క కుడివైపు జరిగింది. ఆ సాయంత్రం నందిగామ చేరేదాకా బైకు మీద నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను.

ఆ ఊపులోనే తప్పు చేశాను. వారాలు గడిచినా గీత వణుకుతూనే ఉంది. ఆఫీసువాళ్లకు చూపించడానికి నాకు మంచి వీడియో కావాలి. బావ పాత చిలక ఫోటోలోని గీతల్ని ప్రోగ్రాములో దాచాను. ఆయన గీత వాటి దగ్గరికి రాగానే ప్రోగ్రామే పట్టుకుని ఆ దారిన నడిపించేది. ఆయనకు చెప్పలేదు.

చిలక వచ్చింది. అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను వీడియో తీస్తూనే ఉన్నాను. బావ మాత్రం నవ్వలేదు.

"ఇది నేను గియ్యలేదురా."

"నీ చిలకే కదా బావా."

"చిలక నాదే. తోక దగ్గర నేను ఆపా. అది ఆగలేదు."

టోపీ వైర్లు సర్దుతున్నట్టు కాసేపు నటించి, చివరికి ఉన్నదంతా చెప్పేశాను. ఎక్కడ ఆపాలో తనే అనుకోవడం ఆయనకు మిగిలిన పని. అందులో కూడా నేను వేలు పెట్టాను.

"చేతులెటూ పోయాయి. నా బుర్రక్కూడా అసిస్టెంటుని పెట్టావా?" అన్నాడు.

వీడియోను డిలీట్ చేశాను. దాచిన చిలకను అక్కడే కూర్చుని చెరిపేశాను.

"ఇప్పుడు మళ్లీ పెట్టు ప్రోగ్రాము" అన్నాడు బావ.

గీత వంకర్లు పోతూ బయల్దేరింది.

"కాకిలా ఉందండీ" అంది అక్క.

"ఉండనీ."

గీత తోక దాకా వచ్చి, ఆగింది. నేను కీబోర్డు మీద నుంచి రెండు చేతులూ పైకెత్తి చూపించాను. ఈసారి బావ నవ్వాడు.

"ఆపింది నేనే. ఇంక పక్కకి జరుగు, రెక్క గియ్యాలి."