తప్పు స్పెల్లింగుకూ దొరికిన పుస్తకం

మా లైబ్రరీ మేడం పోయిన వారం నల్గొండలో కన్నుమూశారు. సంతాప సభలో మా పాత ప్రిన్సిపాల్ మైకు అందుకుని, "మన కాలేజీకి కంప్యూటర్ యుగాన్ని తెచ్చిన తల్లి" అన్నాడు. ఆమె చేసిన పనిని చెరిపించింది ఆయనే. లేచి బయటికి వచ్చేశాను.

తొంభైల చివర్లో ఆ కాలేజీలో నేను కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ని. లైబ్రరీ పుస్తకాల వివరాలు అప్పుడే కాలేజీ నెట్‌వర్క్‌లో పెట్టారు. వెబ్ పేజీలో ఏం కొట్టి వెతికినా ఎక్కువసార్లు 'పుస్తకం లేదు' అనే వచ్చేది. "పల్లెటూరి పోరలకు వెతుకుడు వస్తదా?" అని ప్రిన్సిపాల్ నవ్వేవాడు.

మేడం నవ్వలేదు. ఎవరు ఏ మాట కొట్టినా సర్వర్ తన లాగ్ అనే చిట్టాలో రాసుకుంటుందని నేను చెబితే, అదంతా ప్రింటు తీయించుకున్నారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, సగం కొరికిన జామకాయ చేతిలో మరిచిపోయి చదివారు.

"సూడయ్యా, ఫ్లోరైడ్ కోసం ఎంతమంది అడిగిన్రో! ఒక్కొక్కరు ఒక్కో తీరు కొట్టిన్రు. కొందరు మన మాటనే ఇంగ్లిష్ అక్షరాలల్ల 'కాళ్ల వంకర' అని రాసిన్రు. గా పుస్తకాలు మనకాడ ఉన్నయి గద!"

ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లు తాగి పిల్లల కాళ్లు వంకరపోయే ఊళ్ల నుంచి వచ్చేవారు మా విద్యార్థులు.

ఇద్దరం కూర్చుని పేజీ మార్చాం. రచయితకొకటి, పేరుకొకటి, విషయానికొకటి ఉన్న గడులు తీసేసి ఒకటే పెట్టాం. లాగ్‌లో కనబడ్డ తప్పు స్పెల్లింగులను సరైన పుస్తకాలకు కలిపాం. ఆ తర్వాత లాగ్ చూస్తే, ఏమీ దొరకని వెతుకులాటలు బాగా తగ్గాయి.

అంతలో తనిఖీ కమిటీ వస్తుందన్నారు. మేడం మురిపెంగా మేం కలిపిన ఆ తప్పు స్పెల్లింగులన్నీ ప్రిన్సిపాల్‌కు చూపించారు. ఆయన పెంట తొక్కినట్టు మొహం పెట్టాడు.

"ఛీ! మన పోరలకు స్పెల్లింగ్ రాదని కమిటీ ముంగట దండోరా ఏస్తవా అమ్మా? తీసెయ్!"

"పుస్తకమడిగినోళ్లకు పుస్తకమియ్యాలె సార్. పరీక్ష పెట్టద్దు."

సాయంత్రానికల్లా పాత పేజీ పెట్టించి, లాగ్ కూడా తుడిపించాడు. కమిటీ పెద్దలు కంప్యూటర్ల మీది ప్లాస్టిక్ కవర్లను మెచ్చుకుని, బిర్యానీ తిని, తేన్చుతూ పళ్లు కుట్టుకుంటూ పోయారు. ఆ తేన్పుల చప్పుడు గుర్తొస్తే ఇప్పటికీ నాకు రోతే.

మరునాడు ఒక అమ్మాయి కౌంటర్ దగ్గరికొచ్చింది. "మేడం, మొన్న కనబడ్డ ఫ్లోరైడ్ బుక్ గిప్పుడు లేదంటాంది. మా తమ్మునికి కాళ్లు వంకరవోతున్నయి. జర చూస్తరా?"

అది ఇంటికి ఇవ్వకూడని పుస్తకం. మేడం లోపలికెళ్లి తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. "తీస్కపో బిడ్డా. మీ నాయినకు సుత సదివి చెప్పు. ఎవలన్నా అడిగితే నా పేరు చెప్పు."

అమ్మాయి పుస్తకాన్ని చున్నీలో చుట్టుకుని మునుగోడు బస్సెక్కింది. మేడం గేటు దాకా వెళ్లి, బస్సు మలుపు తిరిగేదాకా ఎండలో, కంటికి చేయి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.